మార్గరెట్ ని ఆ గేటు దాకా తెచ్చింది ఎవరు

‘ద మాగ్డలీన్ సిస్టర్స్’ సినిమా మాటెత్తితే చాలు, నాకు రెండు వైపుల నుంచి రెండు మాటలు వినిపిస్తాయి. మా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) బంధువులేమో "అది తిరుసభ మీద, అంటే మన కాథలిక్ చర్చి మీద, బురద చల్లడానికి తీసిన సినిమా అమ్మా, మనం చూడకూడదు" అంటారు. ఇంకొంతమంది ఉన్నారు, వాళ్ళకి సినిమా మీద ఇంట్రెస్ట్ ఏమీ లేదు, కానీ "మీ సిస్టర్లు ఏం చేసేవాళ్ళో చూడు" అని అందులోంచి క్లిప్పులు ఏరి మరీ పంపిస్తారు. ఒకళ్ళకి కోపం, ఒకళ్ళకి సంతోషం, కానీ అది చెడ్డ సిస్టర్ల (కన్యస్త్రీల) కథ అనే మాట దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే. నాకు పేచీ అక్కడే. ఆ సినిమాని సిస్టర్ల కథగా మాత్రమే చూస్తే అందులో ఆడపిల్లల్ని సిస్టర్ల లాండ్రీ గేటు దాకా తీసుకొచ్చి వదిలేసిన వాళ్ళంతా హాయిగా తప్పించుకుపోతారు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో కాథలిక్ ఇంట్లో పుట్టాను, హైస్కూల్ చదువంతా సిస్టర్ల హాస్టల్లోనే. నాకు లెక్కలు నేర్పింది సిస్టరే, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది కూడా సిస్టరే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే సిస్టర్ల బట్టలు చూస్తే నాకు భయం వెయ్యదు, ప్రేమే వస్తుంది. అయినా సరే ఈ సినిమాలో చూపించింది అబద్ధమని నేను అనలేను, ఎందుకంటే అది జరిగింది, ఒకసారి రెండుసార్లు కాదు, తరతరాలుగా జరిగింది.

తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఐర్లండ్ లో కాథలిక్ సిస్టర్లు నడిపిన పెద్ద పెద్ద లాండ్రీలు ఉండేవి, మాగ్డలీన్ లాండ్రీలు అంటారు. అసలు డబ్లిన్ లో మొదటిది 1767లో అరబెల్లా డెన్నీ అనే ప్రొటెస్టెంట్ దొరసాని పెట్టింది, అప్పట్లో దాని ఉద్దేశం "దారి తప్పిన" ఆడవాళ్ళకి కొన్నాళ్ళు ఆశ్రయం ఇవ్వడం. తర్వాత కాథలిక్ సంస్థల చేతుల్లోకి వచ్చాక అది వేరే రూపం తీసుకుంది. 1922లో ఐర్లండ్ కి స్వాతంత్ర్యం వచ్చేటప్పటికి నాలుగు కన్యస్త్రీల సంస్థలు నడిపే లాండ్రీలు 10 ఉన్నాయి, డబ్లిన్, కార్క్, గాల్వే, లిమరిక్, వాటర్‌ఫర్డ్, న్యూ రాస్ ఇలా. పెళ్ళి కాకుండా తల్లులైన వాళ్ళు, బలాత్కారానికి గురైన వాళ్ళు, అనాథాశ్రమంలో పెరిగి ఎటూ పోలేని వాళ్ళు, బుద్ధిమాంద్యం ఉందని ఇంట్లోవాళ్ళు వదిలించుకున్న వాళ్ళు, ఏమీ చెయ్యకపోయినా "ఈ పిల్ల చెడిపోయేలా ఉంది" అని ఎవరికో అనిపించిన వాళ్ళు, అందరినీ అందులో పెట్టేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరి బట్టలు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం. జీతం లేదు. పనిలో మాట్లాడకూడదు. చాలామందికి పేర్లు కూడా మార్చేసేవాళ్ళు. ఎప్పుడు బయటికి పంపిస్తారో ఎవరూ చెప్పరు, ఇదే అన్నిటికన్నా ఘోరం అని నాకనిపిస్తుంది, జైల్లో ఉన్నవాడికైనా తారీఖు ఉంటుంది. చివరి లాండ్రీ డబ్లిన్ లోని షాన్ మెక్‌డెర్మట్ స్ట్రీట్ లో, మూసింది 1996 అక్టోబర్ లో. అంటే మన ఊళ్ళల్లో ఎస్టీడీ బూత్ లు ఉన్న రోజులే, అంత దగ్గరి కాలం.

సినిమా 2002లో వచ్చింది. డైరెక్టర్ పీటర్ మల్లన్ స్కాట్లండ్ మనిషి, కాథలిక్ గా పెరిగినవాడే. 1998లో బ్రిటన్ లో ఛానల్ ఫోర్ లో ఆ లాండ్రీల్లోంచి బయటపడిన ఆడవాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది, అది చూసి ఆయన ఈ కథ రాసుకున్నాడు. 2002 వెనిస్ ఫెస్టివల్లో పెద్ద అవార్డు గోల్డెన్ లయన్ దీనికే వచ్చింది, వాటికన్ పత్రిక మాత్రం గట్టిగా ఖండించింది. కథ జరిగేది 1964లో, డబ్లిన్ లో. మార్గరెట్, రోజ్, బెర్నడెట్ అనే ముగ్గురమ్మాయిలు ఇంచుమించు ఒకేసారి లాండ్రీకి వస్తారు, అప్పటికే అక్కడున్న క్రిస్పీనా నాలుగో అమ్మాయి.

ఇప్పుడు మొదటి సీన్. ఒక పెళ్ళి. ఒక ఫాదర్ బౌరాన్ అనే వాయిద్యం, అచ్చు మన డప్పు లాగే ఉంటుంది, దాన్ని పట్టుకుని కొడుతూ చెమటలు కారేలా పాట పాడుతుంటాడు, చుట్టాలంతా తాగి చప్పట్లు కొడుతుంటారు. మార్గరెట్ ని వాళ్ళ కజిన్ పై గదిలోకి తీసుకెళ్ళి బలాత్కారం చేస్తాడు. ఆమె కిందికొచ్చి కూర్చుంటుంది, కాసేపటికి పక్కనున్న అమ్మాయికి చెప్తుంది. ఇక అక్కణ్ణించి మనకి ఒక్క మాట కూడా వినపడదు, అంతా పాటల హోరు. ఆ అమ్మాయి వెళ్ళి ఇంకొకళ్ళ చెవిలో చెప్తుంది, వాళ్ళు ఇంకొకళ్ళకి, మగవాళ్ళు లేచి ఆ కుర్రాణ్ణి పక్కకి తీసుకెళ్తారు, మార్గరెట్ నాన్న మొహం మారుతుంది, ఫాదర్ ని పిలుస్తారు, పెదవులు కదులుతుంటాయి, ఎవరేమంటున్నారో తెలీదు. తెలిసేది చూపులు మాత్రమే. ముందు ఆ కుర్రాడి మీద ఉన్న చూపులు మెల్లిగా తిరిగి తిరిగి ఈ పిల్ల మీదకి వచ్చి ఆగిపోతాయి. అంతే, తీర్పు అయిపోయింది. మర్నాడు తెల్లవారుతుండగానే నిద్ర లేపి కారెక్కించి పంపించేస్తారు. చిన్న తమ్ముడొకడే అక్కని ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడుగుతాడు, వాడికి జవాబు చెప్పేవాళ్ళుండరు.

నేను చాలా సినిమాల్లో చాలా క్రూరమైన సీన్లు చూశాను, కానీ ఇంతగా నన్ను కుదిపేసింది లేదు. ఎందుకంటే ఆ గుసగుస నాకు తెలుసు. ఆ మాటలు వినిపించకపోయినా నేను ఒక్కొక్కటీ పూరించుకోగలను, మన పెళ్ళిళ్ళలో, మన వరండాల్లో, ఆడపిల్ల విషయం వచ్చినప్పుడు పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే పద్ధతి ఎవరికి తెలీదు. డైరెక్టర్ డైలాగులు తీసేసి ఆ సీన్ ని ఐర్లండ్ బయటివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చేశాడు. ఇంకో సంగతి గమనించండి, ఇక్కడిదాకా మార్గరెట్ కథలో లాండ్రీ సిస్టర్ ఒక్కరు కూడా రాలేదు. ఆ పిల్ల జీవితం అప్పటికే నాశనం అయిపోయింది, చేసినవాళ్ళంతా సొంతవాళ్ళు.

రోజ్ ది ఇంకో రకం. ఆసుపత్రిలో బిడ్డని కని పడుకుని ఉంటుంది, పక్కనే కన్నతల్లి కూర్చుని ఉంటుంది. అమ్మా చూడమ్మా, ఎంత బావున్నాడో చూడు అని బతిమాలుతుంది. ఆవిడ చూడదు. తల తిప్పదు, మాట్లాడదు. ఫాదర్ వచ్చి నచ్చజెప్పి సంతకం పెట్టించుకుంటాడు, బిడ్డని తీసుకెళ్ళిపోతారు, వెంటనే ఆ పిల్ల మనసు మార్చుకుని నా బిడ్డ నాకు కావాలని పరిగెత్తబోతే సొంత తండ్రే పట్టి ఆపుతాడు. లాండ్రీలో అప్పటికే ఇంకో రోజ్ ఉందని ఈమె పేరు పట్రీషియా అని మారుస్తారు, బిడ్డ లేదు పాలు మాత్రం వస్తున్నాయి, ఆ నొప్పితో బట్టలు ఉతుకుతుంది. ఆ తల్లి తల తిప్పకుండా కూర్చున్న ఆ ఒక్క నిమిషం ముందు తర్వాత సిస్టర్లు కొట్టే దెబ్బలు చిన్నవే అనిపించింది నాకు. బెర్నడెట్ కైతే ఇల్లే లేదు, అనాథాశ్రమంలో కంచె అవతల నుంచి మగపిల్లలు పలకరిస్తే నవ్వుతూ మాట్లాడింది, అదే ఆమె నేరం.

ఇంకో పిల్ల ఊనా పారిపోతుంది. రాత్రి తండ్రి ఆమెని లాక్కొచ్చి అందరూ పడుకున్న హాల్లో బెల్టుతో కొట్టి, నీకు ఇంక అమ్మా లేదు నాన్నా లేడు అని చెప్పి పోతాడు. ఆ తండ్రి వేషం వేసింది ఎవరనుకున్నారు, పీటర్ మల్లనే. ఇంత సినిమాలో డైరెక్టర్ తనకోసం ఉంచుకున్న పాత్ర అది. ఫాదర్ వేషం వేసుకోవచ్చు, ఇంకేదైనా వేసుకోవచ్చు, తండ్రి వేషం వేసుకున్నాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు గానీ తప్పు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

నేను సువార్త చదివి పెరిగిన మనిషిని కాబట్టి ఆ సీన్ చూస్తుంటే లూకా 15వ అధ్యాయం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది. తప్పిపోయిన కుమారుడి కథ. ఆస్తంతా తగలేసి, పందులు మేపుకుని, ఇంటికి రావడానికి భయపడుతూ వస్తున్న కొడుకుని ఆ తండ్రి ఇంకా దూరంలో ఉండగానే చూసి పరిగెత్తుకుని ఎదురెళ్ళి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. ఒక్క ప్రశ్న అడగడు. ఇది యేసు స్వయంగా చెప్పిన కథ, ప్రతి తపస్కాలంలో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో, మన గుళ్ళల్లో చదువుతారు, ఐర్లండ్ లో కూడా ప్రతి తండ్రీ విని ఉంటాడు, విని ఇంటికొచ్చి కూతుర్ని లాండ్రీ గేటు దగ్గర దింపి వచ్చాడు. కొడుకైతే ఎదురెళ్ళడం, కూతురైతే తలుపెయ్యడం అని సువార్తలో ఎక్కడుంది? మా బంధువులు ఈ సినిమా విశ్వాసానికి వ్యతిరేకం అంటారు, నాకైతే ఆ తండ్రులే విశ్వాసానికి వ్యతిరేకం అనిపించింది.

మధ్యలో ఒక సీన్ వస్తుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మార్గరెట్ కి ఒకరోజు తోట వైపు తలుపు తెరిచి కనిపిస్తుంది. బయటికెళ్తుంది. రోడ్డు, ఎండ, పచ్చటి పొలాలు. ఒక కారు ఆగుతుంది, నడిపేవాడు ఎక్కుతావా అని అడుగుతాడు. ఆమె ఒక్క క్షణం నిలబడి వెనక్కి తిరిగి లోపలికి వచ్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చాలామందికి కోపం వస్తుంది, వెళ్ళిపోవచ్చు కదా అని. ఎక్కడికి వెళ్తుంది? ఇంటికి వెళ్తే నాన్న మళ్ళీ తెచ్చి దింపుతాడు. పోలీసులు, అక్కడ గార్డా అంటారు, పారిపోయిన ఆడవాళ్ళని పట్టుకుని తిరిగి లాండ్రీలకి అప్పగించిన సందర్భాలు నిజంగా ఉన్నాయి. గోడ లోపల ఎంత మూసి ఉందో బయట కూడా అంతే మూసి ఉంది ఆమెకి.

బయట అంటే ఎవరెవరో లెక్క కూడా తేలింది. 2013 ఫిబ్రవరిలో మార్టిన్ మకలీస్ అధ్యక్షతన ఐర్లండ్ ప్రభుత్వం వేసిన కమిటీ రిపోర్ట్ ఇచ్చింది. 1922 నుంచి 1996 దాకా సుమారు 10,000 మంది ఆ లాండ్రీల్లోకి వెళ్ళినట్టు తేల్చారు, అందులో అందరికన్నా చిన్నపిల్లకి 9 ఏళ్ళు, పెద్దావిడకి 89. ఎలా వచ్చారో తెలిసిన కేసుల్లో 26.5 శాతం ప్రభుత్వం ద్వారా వచ్చినవే, కోర్టులు, అనాథ పిల్లల్ని పెట్టే ఇండస్ట్రియల్ స్కూళ్ళు, ఆరోగ్య శాఖ వాళ్ళు పంపించినవి. అదొక్కటే కాదు, సైన్యం బట్టలు, ఆసుపత్రుల దుప్పట్లు, ప్రభుత్వ ఆఫీసుల కాంట్రాక్టులు కూడా అక్కడికే వెళ్ళేవి. ఫ్యాక్టరీ చట్టం కింద ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వచ్చి మిషన్లు బానే ఉన్నాయా అని చూసి వెళ్ళేవాళ్ళు. ఆ మిషన్ తిప్పే మనిషికి జీతం ఇస్తున్నారా, ఆమె ఇష్టపడి ఇక్కడ ఉందా అని మాత్రం అడగలేదు. హోటళ్ళు, మామూలు ఇళ్ళు, అందరూ మాసిన బట్టలు పంపి మల్లెపువ్వుల్లా తెల్లగా తెప్పించుకున్నారు. ఎవరుతికారో తెలియదని ఎవరంటారు, ఒకే ఊళ్ళో ఉంటూ.

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయొచ్చు. అదే రిపోర్ట్ ప్రకారం కుటుంబాలు నేరుగా పంపినవాళ్ళు పదింట ఒక వంతే కదా, మరి నువ్వు తండ్రుల మీద ఇంత ఎందుకు పడుతున్నావ్ అని. సరే. కానీ ఆ లెక్క లోపలికి తెచ్చినవాళ్ళ లెక్క. వెనక్కి తీసుకెళ్ళడానికి రానివాళ్ళ లెక్క ఏ రిపోర్ట్ లో ఉంది? కోర్టు పంపినా, ఫాదర్ పంపినా, స్కూల్ పంపినా, ఆ అమ్మాయికి అన్నో బాబాయో పిన్నో ఎవరో ఒకరు వచ్చి మా పిల్లని మాకివ్వండి అని గట్టిగా నిలబడితే కథ వేరేగా ఉండేది. సినిమాలో మార్గరెట్ బయటికొచ్చింది అలాగే, పారిపోయి కాదు. అక్కని ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగిన ఆ తమ్ముడు పెద్దవాడై వచ్చి తీసుకెళ్తాడు. ఆమె సంతోషంతో ఏడవదు, ఇన్నేళ్ళెందుకు పట్టిందని కోప్పడుతుంది. నాకు ఆ కోపం చాలా నచ్చింది. అంత సులువైన పని చెయ్యడానికి ఇంటిల్లిపాదిలో ఒక్కడికి, అదీ అన్నేళ్ళ తర్వాత గానీ మనసు రాలేదు.

నాకు గుచ్చుకున్న విషయం ఇంకొకటుంది. ఆ రిపోర్ట్ లో అమ్మాయిలు వచ్చిన దారుల్లో లీజియన్ ఆఫ్ మేరీ పేరు కూడా ఉంది. మన విచారణల్లో (పారిష్‌లలో) లీజియన్ ఎంత మంచి పేరున్న సంఘమో కాథలిక్కులకి చెప్పక్కర్లేదు, రోగుల్ని చూడ్డం, ఇళ్ళకెళ్ళి జపమాల చెప్పించడం, మా అమ్మ చాలా ఏళ్ళు అందులో ఉంది. ఆ సంఘం పుట్టింది 1921లో, డబ్లిన్ లోనే. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, దిక్కులేని పిల్లకి చోటు చూపిస్తున్నాం అనుకునే చూపించి ఉంటారు. అందుకే ఇది చెడ్డవాళ్ళ కథ అంటే నేను ఒప్పుకోను. చేసినవాళ్ళల్లో చాలామంది ఆ రోజు ఒక పుణ్యం చేశామనుకుని నిద్రపోయారు.

ఆ లాండ్రీలకి పెట్టిన పేరు చూడండి, మగ్దలా మరియమ్మ పేరు. సినిమాలో లాండ్రీ నడిపే సిస్టర్ బ్రిజెట్ కొత్తగా వచ్చిన ముగ్గురికీ ఈ మరియమ్మ కథే చెప్తుంది, ఒళ్ళు అమ్ముకున్న పాపాత్మురాలు కష్టపడి, పశ్చాత్తాపపడి పరలోకం సంపాదించుకుందని, మీరూ అలాగే కష్టపడాలని. సువార్తలో అలా లేనే లేదు. లూకా 8లో యేసు ఆమెని ఏడు దయ్యాల నుంచి విడిపించాడని ఉంది, అంతే. దానికి ముందు అధ్యాయంలో కన్నీళ్ళతో యేసు పాదాలు కడిగిన పాపాత్మురాలికి పేరు లేదు. ఆ ఇద్దరినీ కలిపి ఒక్కరిని చేసేసింది 591లో పోప్ గ్రెగరీ తన ప్రసంగంలో, అది పద్నాలుగు వందల ఏళ్ళు నడిచింది. 1969లో పూజా క్యాలెండర్ మార్చినప్పుడు తిరుసభ ఆ కలిపిన ముడి విప్పేసింది, 2016లో పోప్ ఫ్రాన్సిస్ జూలై 22న వచ్చే ఆమె స్మరణని అపోస్తలుల పండుగలతో సమానంగా పెంచారు. ఉత్థానమైన యేసుని మొదట చూసింది ఆమె, వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పమని ఆయన పంపింది ఆమెనే, యోహాను 20 చదవండి. సాక్ష్యం చెప్పమని దేవుడు పంపిన ఆడమనిషి పేరు పెట్టి, అందులో ఆడవాళ్ళని నోరు మూసుకుని ఉతకమన్నారు. తిరుసభ క్యాలెండర్ లో సరిదిద్దుకున్నాక కూడా ఆ పేరుతో లాండ్రీ ఇంకో ఇరవై ఏడేళ్ళు నడిచింది.

సినిమా మీద నాకు కంప్లైంట్ లేదా అంటే ఉంది. అది సిస్టర్ బ్రిజెట్. జెరాల్డిన్ మెక్‌యూవన్ గొప్పగా చేసింది, ఆమె నవ్వుతూ మాట్లాడే ప్రతి మాటకీ ఒళ్ళు చల్లబడుతుంది. కానీ ఆమె మొదటిసారి కనపడేటప్పుడే నోట్ల కట్టలకి రబ్బర్ బ్యాండ్లు వేస్తూ కనపడుతుంది, అక్కడ డైరెక్టర్ మనకి ఒక విలన్ ని చేతికిచ్చేశాడు. విలన్ దొరికితే ప్రేక్షకుడికి పని తేలికైపోతుంది. కోపమంతా ఆమె మీద ఖర్చుపెట్టేసి ఆ పెళ్ళిని, ఆ ఆసుపత్రిని మర్చిపోతాడు. నాకు క్లిప్పులు పంపించేవాళ్ళు పంపేదంతా ఆ సీన్లే, అమ్మాయిల్ని బట్టలిప్పి నిలబెట్టి నవ్వే సీన్, జుట్టు కత్తిరించే సీన్. పెళ్ళి సీన్ ఇంతవరకు ఒక్కళ్ళూ పంపలేదు.

అయితే ఒక చోట ఆ బ్రిజెట్ ని కూడా మనిషిగా చూపించాడు. క్రిస్మస్ కి అందరికీ పాత హాలీవుడ్ సినిమా వేస్తారు, అందులో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ మంచి సిస్టర్ వేషంలో ఉంటుంది, దాన్ని చూస్తూ బ్రిజెట్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తను కూడా అలాంటి సిస్టర్ నే అనుకుంటోంది ఆవిడ, నిజంగానే అనుకుంటోంది. సినిమా మొత్తం ఇలా నడిచి ఉంటే ఇంకా గొప్పగా ఉండేది. క్రిస్పీనా విషయంలో అలాగే నడిచింది, అందుకే అది మర్చిపోలేం. ఆమెకి ఒక చిన్న కొడుకు, అక్క వాణ్ణి తీసుకొచ్చి గేటు బయట నిలబెడితే లోపల్నుంచి దూరంగా చూస్తుంది, మెళ్ళో ఉన్న పునీత క్రిస్టఫర్ పతకాన్ని నోటి దగ్గర పెట్టుకుని కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్నట్టు మాట్లాడుకుంటుంది. అక్కడికి పూజ చెప్పడానికొచ్చే ఫాదర్ ఆమెని వాడుకుంటాడు. అందరి ముందు బయట పూజ జరుగుతుండగా ఆమె ఆయన్ని చూసి నువ్వు దేవుని మనిషివి కాదు అని అరుస్తుంది, ఆపకుండా అదే మాట మళ్ళీ మళ్ళీ అరుస్తుంది, ఆ అరుపు ఎంతసేపు సాగుతుందంటే మనం ఇంక చాలు అనుకున్న తర్వాత కూడా ఆపడు డైరెక్టర్. నిజం చెప్పిన ఆ ఒక్క పిల్లని ఆ రాత్రే పిచ్చాసుపత్రికి పంపించేస్తారు.

ఇంతా చెప్పి నేను తిరుసభని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే తప్పు. తండ్రులది మొదటి తప్పు అన్నంత మాత్రాన తాళం వేసినవాళ్ళది తగ్గదు. 1993లో డబ్లిన్ హై పార్క్ లో సిస్టర్లు స్థలం అమ్ముకోవడానికి అక్కడి సమాధులు తవ్వించారు. 133 మంది ఉన్నారని పర్మిషన్ తీసుకుంటే, తవ్వేసరికి ఇంకో 22 మంది బయటపడ్డారు. చాలామందికి మరణ ధ్రువపత్రాలు కూడా లేవు. ఆ 155 మందిలో ఇంచుమించు అందరినీ దహనం చేసి గ్లాస్‌నెవిన్ స్మశానంలో పెట్టారు. మనం కాథలిక్కులం, చనిపోయినవాళ్ళ పేరు మీద పూజ పెట్టించుకుంటాం, నవంబర్ 2 వస్తే సమాధులకి సున్నాలేసి కొవ్వొత్తులు పెడతాం, అలాంటి మతంలో ఉండి ఆ ఆడవాళ్ళలో కొందరి అసలు పేరేంటో కూడా రాసిపెట్టుకోలేదు. నాకు ఈ విషయం చదివిన రోజు పూజకి వెళ్ళాలనిపించలేదు.

అదే హై పార్క్ ఆవరణలో ఉన్న ఇంకో సంస్థలో సింగర్ షినేడ్ ఓ'కానర్ టీనేజ్ లో కొన్నాళ్ళు ఉంది. 1992లో అమెరికా టీవీలో ఆమె పోప్ ఫోటో చింపేసినప్పుడు ప్రపంచమంతా ఆమెని పిచ్చిదంది. ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

2011లో ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక కమిటీ విచారణ జరపమని చెప్తే గానీ ఐర్లండ్ ప్రభుత్వం కదల్లేదు. 2013 ఫిబ్రవరి 19న ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంట్ లో క్షమాపణ చెప్పి ఏడ్చాడు, గ్యాలరీలో ఆ ఆడవాళ్ళు ఉన్నారు. ప్రభుత్వం పరిహారం పథకం పెట్టింది, ఒక్కొక్కళ్ళకి 11,500 నుంచి 1,00,000 యూరోల దాకా. నాలుగు కన్యస్త్రీల సంస్థలూ ఆ పరిహారంలో తమ వాటా ఇవ్వబోమన్నాయి. నేను పాపసంకీర్తనం చేస్తే, అంటే నా పాపం ఒప్పుకుంటే, ఫాదర్ గారు క్షమాపణతో పాటు ప్రాయశ్చిత్తం కూడా ఇస్తారు కదా, చేసిన నష్టం తీర్చమని కూడా చెప్తారు కదా. ఏడో తరగతిలో సిస్టరే నాకు అది నేర్పింది. ఆ సంస్థలకి అది వర్తించదా? వాళ్ళ ఆస్తులు తక్కువేమీ కాదు. ఇది చదివే సిస్టర్లు ఎవరైనా ఉంటే నా మీద కోపం తెచ్చుకోకండి, మిమ్మల్ని ప్రేమించే పిల్లగానే అడుగుతున్నాను.

ఇక మన సంగతి. మన దగ్గర లాండ్రీలు లేవు, అంత పెద్ద గోడలు కట్టినవాళ్ళూ లేరు, కానీ మార్గరెట్ ని కారెక్కించినట్టు పిల్లల్ని రాత్రికి రాత్రి బస్సెక్కించడం నేను చూశాను. మా బంధువుల్లో ఒకమ్మాయి, డిగ్రీ సెకండియర్, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోందని తెలిసింది. మర్నాటి నుంచి కాలేజీ లేదు. ఊళ్ళో పెద్దమ్మ గారింటికి పంపేశారు, అక్కడే ఉండి నెలలు తిరక్కుండా పెళ్ళి. ఆ అబ్బాయి మాత్రం డిగ్రీ పూర్తి చేసుకుని ఉద్యోగంలో చేరాడు. ఆ పెద్దమ్మ చాలా మంచిది, పిల్లని బాగా చూసుకుంది, తిట్టలేదు కొట్టలేదు. కానీ పిల్ల ఎక్కడికీ వెళ్ళకుండా చూసుకుంది. ఎప్పుడు పంపిస్తారని ఆ పిల్ల అడిగితే జవాబు చెప్పినవాళ్ళు లేరు. మా ఇంట్లో పెద్దవాళ్ళందరికీ ఈ విషయం తెలుసు, నాతో సహా ఎవరమూ ఆ ఇంటికెళ్ళి పిల్లని మాతో పంపండి అని అడగలేదు. అప్పుడు నాకు పదహారేళ్ళు, పోనీ నన్ను పక్కన పెట్టండి, మా ఇంట్లో నలభైలు యాభైలు దాటిన మగవాళ్ళే అరడజను మంది ఉన్నారు.

అందుకే ఈ సినిమాని ఎవరికి చూపించాలి అంటే నా సమాధానం యువతకి కాదు. పిల్లలకి ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ లేదు, ఏం చేస్తే ఇంట్లో ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు. దీన్ని విచారణలో తల్లిదండ్రుల మీటింగ్ లో వెయ్యాలి, ముఖ్యంగా నాన్నలు ఉండేలా చూసి వెయ్యాలి. రెండు గంటల సినిమా, కొన్ని సీన్లు కష్టంగా ఉంటాయి, ముందే చెప్పాలి. అయిపోయాక సిస్టర్ల గురించి చర్చ పెట్టకూడదు, అది పెడితే అందరూ సంతోషంగా ఒక గంట మాట్లాడి టీ తాగి వెళ్ళిపోతారు. అడగాల్సింది వేరే. మీ అమ్మాయి రేపొచ్చి నాకిలా జరిగిందని చెప్తే, ఆ రాత్రి మీరు మొదట ఎవరితో మాట్లాడతారు, ఆ పిల్లతోనా, ఇంకెవరితోనైనానా? ఒక్కొక్కళ్ళనీ అడగాలి. జవాబు పైకి చెప్పకపోయినా ఫర్వాలేదు.

మా ఫాదర్ గారికి ఈ మాట చెప్పాను. ఆయన సినిమా చూడలేదట, చూసి ఆలోచిద్దామమ్మా అన్నారు. తపస్కాలం మొదలయ్యేలోపు మళ్ళీ వెళ్ళి అడుగుతాను, ఆయన కాదంటే మా ఇంట్లో వేస్తాను, హాల్లో పదిహేను మంది పడతారు.